ముందస్తు మూర్తి

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎనిమిది మంది ఎక్కవచ్చని రాసి ఉంటుంది. మూర్తి లోపల ఉంటే నలుగురు దాటనివ్వడు. అయిదోవాడు కాలు పెట్టబోతే తనే దిగిపోయి మెట్లెక్కుతాడు. రైలుకి రెండు గంటల ముందు స్టేషనుకి చేరేవాళ్లని మనం చాలామందినే చూశాం. మూర్తి అంతకంటే ముందే వెళ్లి, అదే ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన ముందు బండి ఎక్కేసి, కాజీపేటలో జరిమానా కట్టి దిగినవాడు. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆ రోజు నుంచి మాకు ముందస్తు మూర్తే.

ఉద్యోగం మానేసి ఏడేళ్లయింది. ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని బాచుపల్లి, మియాపూర్ వైపు బిల్డర్లకీ, సొంతిల్లు కట్టుకునేవాళ్లకీ స్ట్రక్చరల్ డ్రాయింగులు గీసిస్తాడు. పునాది ఎంత లోతు, స్లాబు ఎంత మందం, స్తంభంలో ఎన్ని ఊచలు... అంతా అతని లెక్కే. ఆ లెక్కకి ఐఎస్ 456 అని ఒక కోడు ఉంది. భవనం సొంత బరువూ, అందులో తిరిగే మనుషుల బరువూ కూడి, దాన్ని ఒకటిన్నరతో గుణించి, ఆ వచ్చినదానికి సరిపడా కట్టమంటుంది. మూర్తి ఒకటిన్నరతో గుణించి, అన్నం తిని, కాసేపు పడుకుని లేచి, ఇంకో రెండు ఊచలు వేస్తాడు. ‘ఈ సారు బొమ్మ గీస్తే ఇనుప కొట్టువాడి ఇంట్లో పెళ్లే’ అంటారు మేస్త్రీలు. ఇల్లు కట్టుకునేవాడికి అది మంచిదే. చిక్కేమిటంటే, మూర్తి ఆదాయపు పన్ను కూడా ఆ కోడు ప్రకారమే కడతాడు.

జీతగాడి పన్ను ఆఫీసే కోసుకుంటుంది. వాడికి ఏడుపు తప్ప వేరే పని లేదు. సొంతంగా పనిచేసుకునేవాడు మాత్రం ఈ ఏడాది ఎంత సంపాదిస్తాడో సోది అడిగినట్టు ముందే ఊహించుకుని అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి నూటికి నూరూ. పెళ్లిరోజు మరిచిపోయే మూర్తికి ఈ నాలుగు పదిహేనులూ గోడ మీద మేకుల్లా గుర్తు. తగ్గించి కడితే నెలకి ఒక శాతం వడ్డీ, అంటే మన భాషలో రూపాయి వడ్డీ. జూన్‌లో పదిహేను వేలు కట్టాల్సినవాడు పూర్తిగా ఎగ్గొట్టాడే అనుకోండి, ఆ వాయిదాకి మూడు నెలల వడ్డీ 450 రూపాయలు. ఇంటిల్లిపాదీ ఒక పూట బిర్యానీకి వెళ్తే అంతకు రెండింతలవుతుంది.

ఆ మాటే అన్నాను ఓసారి. మూర్తి నన్ను జాలిగా చూశాడు. “డబ్బు గురించి కాదు గురువుగారూ. 234సి. రికార్డులో పడుతుంది.”

సెక్షన్లన్నీ అతనికి విష్ణుసహస్రనామంలా నోటికి వచ్చు. అలాంటివాడికి 1961 నాటి చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్తది వస్తోందనీ, అందులో 536 సెక్షన్లే ఉంటాయనీ, నంబర్లన్నీ మారిపోతాయనీ తెలిసింది. చట్టం సులువైనందుకు దేశం సంతోషిస్తుంటే, ఇన్నేళ్లు భయపడిందంతా మళ్లీ మొదటి నుంచి భయపడాలే అని మూర్తి దిగులు పెట్టుకున్నాడు.

2024-25 లెక్కలు తేల్చడానికి అతనితో పాటు ఆడిటర్ గారి దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కాగితం వెనక పెన్సిలుతో రాసుకుంటూ పోయారు. ఏడాదికి మొత్తం ఫీజులు 18 లక్షలు. ఇంజనీర్లలాంటి వృత్తులవాళ్లకి 44ఏడీఏ అని ఒక వెసులుబాటు ఉంది: వచ్చినదాంట్లో సగం ఖర్చయిందనుకుని, మిగతా సగం మీద పన్ను కడితే చాలు, పద్దుల పుస్తకాలక్కర్లేదు. అంటే ఆదాయం తొమ్మిది లక్షలు. కొత్త పద్ధతిలో స్లాబులు చూస్తే పన్ను నలభై వేలు, సెస్సు పదహారు వందలు, వెరసి 41,600.

“బిల్డర్లు ఎంత టీడీఎస్ కోశారు?”

“పది లక్షల మీద పది శాతం. లక్ష.”

పెన్సిలు ఆగింది. “మరి ఈ అరవై వేలేమిటి?”

“నాలుగు పదిహేనులకీ నాలుగు పదిహేను వేలండీ.”

“మీ పన్ను నలభై చిల్లర. మీ పేర లక్ష ముందే జమైంది. ఇక మీరు కట్టాల్సింది లేదు, పైగా రావాలి. అసలు 44ఏడీఏ వాళ్లకి జూన్, సెప్టెంబర్, డిసెంబర్ వాయిదాలే లేవు. ఉంటే గింటే మార్చి 15 ఒక్కటే. నిరుడూ చెప్పాను కదా?”

“చెప్పారండీ.”

“మరి?”

“నిరుడు చెప్పింది నిరుటికే అనుకున్నానండీ.”

టీడీఎస్ తక్కువ కోసేలా ముందే దరఖాస్తు పెట్టుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు కదా అన్నారాయన. మూర్తి కుర్చీలో వెనక్కి జరిగాడు. “వద్దండీ. అడిగితే మనమెవరో వాళ్లకి తెలిసిపోదూ?” ఏడేళ్లుగా పాన్ నంబరుతో సహా రిటర్ను వేస్తున్న మనిషి అన్న మాట ఇది.

ఈ వ్యవహారంలో నాకు బాగా నచ్చినది వడ్డీ మర్మం. మనం బాకీపడితే ప్రభుత్వానికి రూపాయి వడ్డీ. ప్రభుత్వమే మనకి తిరిగివ్వాల్సి వస్తే నెలకి అర శాతం, అర్ధ రూపాయి వడ్డీ. అదీ అందరికీ కాదు. ఎక్కువ కట్టింది అసలు పన్నులో పదో వంతు కూడా లేకపోతే వడ్డీ ఊసే ఉండదు. కాస్త భయపడి ఓ రెండు వేలు ఎక్కువ కట్టినవాడికి అసలు మాత్రమే వస్తుంది. వణికిపోయి లక్ష ఎక్కువ కట్టినవాడికి వడ్డీతో సహా వస్తుంది. లోకంలో పిరికితనానికి గిట్టుబాటు ధర ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

గిట్టుబాటు అన్నానే గానీ, వాళ్లావిడ లెక్క వేరు. “అన్నయ్యగారూ, మార్చి వాయిదాకి చేతిలో డబ్బు లేదని ఈయన నా గాజులు పెట్టారు. రూపాయి వడ్డీకి తెచ్చి అర్ధ రూపాయి వడ్డీకి ఇచ్చారు. ఇదేం ఇంజనీరింగో మీరే చెప్పండి.”

చేతిలో డబ్బెందుకు లేదయ్యా అంటే, ఒక బిల్డరు మూడు డ్రాయింగుల ఫీజు ఎనిమిది నెలలుగా ఇవ్వలేదు. మూర్తి అడగడా అంటే అడుగుతాడు. ఆ అడగడం ఒకసారి మా ఇంట్లోనే జరిగింది. ఫోను చేశాడు. బిల్డరు గొంతు నాకూ వినపడింది: “ఆఁ, చెప్పండి మూర్తిగారూ!” మూర్తి లేచి నిలబడ్డాడు. “నమస్కారమండీ. ఏం లేదు, ఊరికే. మూడో అంతస్తు స్లాబు పడిందా? సంతోషం. అది... అబ్బెబ్బే, తొందరేం లేదండీ. మీ వీలు. ఉంటానండీ.” ఫోను పెట్టేసి నుదురు తుడుచుకుని, “గుర్తు చేశాను గురువుగారూ” అన్నాడు.

జూలైలో రిటర్ను వేశారు. ఆగస్టులో ఈమెయిల్ వచ్చింది. 143(1) కింద ఇంటిమేషన్. రాత్రి పదకొండింటికి మా బెల్లు మోగింది. మూర్తి బనీను తిరగేసి తొడుక్కుని నిలబడ్డాడు. “నోటీసు వచ్చింది!” అది నోటీసు కాదు, మీరు వేసిన లెక్క ఇదీ, మేం చూసిన లెక్క ఇదీ అని రిటర్ను వేసిన ప్రతివాడికీ పంపే కాగితమే అన్నాను. వింటేనా. తెరవడానికి పాస్‌వర్డు కావాలి: పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ. మూర్తి వేళ్లు పెద్ద అక్షరాలే కొడుతున్నాయి. “ప్రభుత్వానికి చిన్న అక్షరాలు పెడితే మర్యాదగా ఉండదేమో?” నేనే కొట్టాను. తెరుచుకుంది. రావలసిన రిఫండ్ 1,18,400. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అయిదు నెలల వడ్డీ 2,960. మూర్తి ఆ వడ్డీ దగ్గరే ఆగిపోయాడు. “దీని మీద మళ్లీ పన్ను ఉంటుందా?” ఉంటుంది, ఇతర ఆదాయం కింద చూపించాలి అన్నాను. అతని ముఖంలో ఆ రాత్రి మొదటిసారి ప్రశాంతత కనిపించింది. భయపడటానికి ఏదో ఒకటి మిగిలింది.

ఆ డబ్బు మాత్రం రాలేదు. తప్పు మూర్తిదే. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకు ఖాతాలో ఒక్క అక్షరంగా ముందు ఉంది. ఖాతా సరిచూడటం కుదరక రిఫండ్ వెనక్కి పోయింది. తాతల నాటి ఇంటిపేరు, మూడు తరాలుగా ఏ కాగితంలోనూ ఒకేలా రాయనిది, ఇప్పుడు పగ తీర్చుకుంది. బ్యాంకు చుట్టూ తిరిగి పేరు దిద్దించుకుని, మళ్లీ పంపమని పోర్టల్‌లో విన్నవించుకునేసరికి దసరా అయిపోయింది.

ఈలోగా డాలస్‌లో ఉన్న బావమరిదితో వీడియో కాల్. అతనూ సొంతంగా కాంట్రాక్టులు చేసుకునేవాడే. అక్కడ వాయిదాలు ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, మళ్లీ జనవరి పదిహేనులట. ఎక్కువ కడితే రిటర్నులో ఒక గడి నింపి, వచ్చే ఏడాది వాయిదాకి జమ వేయమనవచ్చట. “చూశారా, కిరాణా కొట్టు ఖాతాలాగా!” అని మూర్తి మురిసిపోయాడు. మన దగ్గర ఆ గడి లేదు. రిఫండ్‌గా తీసుకుని మళ్లీ కట్టుకోవాల్సిందే. ఉండుంటే మూర్తి ఈపాటికి 2040 దాకా కట్టేసి ఉండేవాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం అతని ఫోనుకి మెసేజీ వచ్చింది: మీ ఖాతాలో 1,21,360 రూపాయలు జమ. మూర్తి ఫోనుని టేబులు మీద పెట్టి, తేలుని చూసినట్టు దూరంగా జరిగాడు. రిఫండ్ మంజూరైంది, లింకు నొక్కండి అని దొంగ మెసేజీలు వస్తున్నాయని పేపర్లో చదివాడు. నేను వెళ్లేసరికి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 నొక్కి, ఆకుపచ్చ బొత్తాం మీద వేలు పెట్టి ఆలోచిస్తున్నాడు. అందులో లింకు ఎక్కడుందయ్యా, ఉత్త అంకెలే కదా అన్నాను. “అదే అనుమానం గురువుగారూ. నిజం దొంగలు లింకు పెట్టరు.” చివరికి వాళ్లావిడే బ్యాంకుకి వెళ్లి పాస్‌బుక్కు అచ్చు వేయించుకొచ్చింది. దారిలో గాజులు కూడా విడిపించుకొచ్చింది.

డిసెంబర్ 15 సాయంత్రం మూర్తి లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. ఈ ఏడాది పన్నెండు లక్షల ఆదాయం దాకా కొత్త పద్ధతిలో పన్నే లేదని అతనికి ఆడిటర్ గారు కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి మరీ ఇచ్చారు. మూర్తి ఆదాయం మళ్లీ తొమ్మిది లక్షలే.

“గురువుగారూ, సున్నాలో 75 శాతం ఎంత?”

“సున్నా.”

“నాకూ అదే వచ్చింది. అనుమానం వచ్చి ఒకటిన్నరతో గుణించి చూశాను. అప్పుడూ సున్నాయే.”

“ఇంకేం మరి.”

“అందుకే పైన ఓ పదిహేను వేలు కలిపాను” అని చలానా చూపించాడు.

వాళ్లావిడ గుమ్మంలోంచే అడిగింది, ఆ బిల్డరుకి ఫోను చేస్తానన్నారుగా, చేశారా అని.

“ఇవాళా? వాళ్లకీ అడ్వాన్స్ టాక్స్ రోజే కదా. ఇబ్బందుల్లో ఉంటారు పాపం” అన్నాడు మూర్తి.