సౌండ్ కార్డు అజ్ఞాతవాసం

నిబిడ తిమిర సన్నిభ టెర్మినల్ మధ్యంబున, ఎవరేమి వేడుకొన్నను ఔననక కాదనక రెప్పలు మాత్రమే కొట్టుచుండు కర్సరు దేవతకు తొలి నమస్కారం. తరువాత పూర్వకవి స్తుతి. 1998లో ఆల్సాకు శ్రీకారం చుట్టిన యారోస్లావ్ కీసెలాకు, 2004లో పల్స్ ఆడియో మొదలుపెట్టిన లెనార్ట్ పొటరింగ్‌కు, పైప్‌వైర్ కర్త విమ్ టేమన్స్‌కు జోహార్లు. ఇక కుకవి నింద. "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి చూడలేకపోయావా?" అని అడిగి టీ తాగి వెళ్ళిపోయే వారిని తిట్టవలసిన చోటిది. కానీ వాళ్ళ మాట ఈ కథ చివర్లో కొంచెం అక్కరకొస్తుంది, అందుకని వదిలేస్తున్నాను.

ఆదివారం సాయంత్రం. హైదరాబాదులో మా హాలు. టీవీ మూడు రోజులుగా రిపేరు షాపులో ఉంది. బామ్మ వింటున్న భారత ప్రవచనం సరిగ్గా ఉత్తర గోగ్రహణం ముంగిట ఆగిపోయింది. కౌరవులు ఆవుల్ని తోలుకుపోతున్నారు, అడ్డుకునే నాథుడు లేడు, మూడు రోజులుగా బామ్మకు నిద్ర లేదు.

"దానికేం బామ్మా, నా ల్యాప్‌టాప్‌లో పెడతా. నిన్ననే కొత్త లినక్స్ వేశాను. గుర్రంలా పరిగెడుతోంది."

"పరిగెడితే సరా, మాట్లాడుతుందా?"

"మాట్లాడకేం!"

అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు ఉత్తరకుమారుడు కోసిన కోతలకు ఇదేమీ తీసిపోదని అప్పుడు నాకు తట్టలేదు.

ప్రవచనకర్త పెదవులు కదిలాయి. చేతులు తిప్పారు, కళ్ళు పెద్దవి చేశారు, ఏదో చమత్కారం విసిరారు. సభంతా ఘొల్లుమంది, బొమ్మలో. మా హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

అంతట నేను సెట్టింగుల పట్టణంబు ప్రవేశించితిని. ఆహా, ఏమా పురశోభ! వైఫై గోపురంబులును, బ్లూటూత్ తోరణంబులును, వాల్‌పేపరు ఉద్యానంబులును దాటి సౌండు వీధి చేరితిని. అక్కడ గద్దె మీద ఒకే ఒక్క మహారాజు: డమ్మీ అవుట్‌పుట్. నిజమైన కార్డు దొరకనప్పుడు పీఠం ఖాళీగా ఉండకూడదని సౌండు సర్వరు కూర్చోబెట్టే బొమ్మరాజు ఈయన. ఎన్ని పాటలు పంపినా మింగేస్తాడు, ఒక్క త్రేనుపు రాదు. వాల్యూమ్ నూరు దాకా లాగాను. నూరు సున్నాలు కలిపితే ఎంతో ఆ సాయంత్రం బాగా తెలిసింది.

టెర్మినల్‌కెళ్ళి 'ఏప్లే మైనస్ ఎల్' అన్నాను. సౌండు కార్డులేవీ లేవంది. 'ఆల్సా మిక్సర్' అన్నాను. మిక్సరు తెరవలేను పొమ్మంది.

"పోనీ ఫోన్‌లో పెట్టరాదుట్రా?" అంది బామ్మ.

పాఠకులకూ ఈ సందేహం వచ్చే ఉంటుంది. గోవుల్ని తోలుకుపోతుంటే, పోనీలే, పాలు పక్కింట్లో తెచ్చుకుందాం అన్నట్టుంది నాకు. యుద్ధంలో దిగాక ఫోనెక్కడిది!

అప్పుడు సంధించాను 'ఎల్‌ఎస్‌పీసీఐ'. మదర్‌బోర్డు మీద కొలువున్న వాళ్ళందరి పేర్లూ వరసగా చదివే వైతాళికుడు అది. గ్రాఫిక్సు, యూఎస్‌బీ, వైఫై, అన్నీ పోయాక, 00:1ఎఫ్.3 నంబరు గదిలో, మల్టీమీడియా ఆడియో కంట్రోలరు, 8086:ఏ0సీ8. ఇందులో 8086 ఇంటెల్ వారి గోత్రం. 1978 నాటి తమ ప్రాసెసరు పేరునే ఇంటి గుర్తుగా పెట్టుకున్నారు. ఉంది! కార్డు ఉంది! విరాటుడి కొలువులోనే, చీర కట్టి, జడ వేసి, నాట్యశాలలో తలవంచుకుని కూర్చుంది. అర్జునుడికి పది పేర్లుంటే దీనికీ తక్కువ లేవు: వంశనామం టైగర్ లేక్, బిరుదు స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ, సారథి అయిన డ్రైవరు పేరు సాఫ్. ఇన్ని పేర్లున్న వీరుణ్ణి పట్టుకుని కార్డులేవీ లేవనడానికి ఏప్లేకు నోరెలా వచ్చింది?

వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం మనవాళ్ళ ఆచారం. శబ్దం పడకపోతే చదవవలసింది డీమెసేజ్. మెషిను మేలుకున్న క్షణం నుంచి కెర్నల్ తనలో తాను గొణుక్కున్నదంతా అందులో ఉంటుంది. సుడో కొట్టి పాస్‌వర్డ్ ఇచ్చాను. (తెర మీద ఒక్క చుక్క కూడా పడదు. మంత్రం పెదవి దాటకూడదుగా.) ఆ గొణుగుడులో రెండు వాక్యాలు దొరికాయి. మొదటిది, ఒంట్లో డిజిటల్ మైకులున్నాయి కనుక సాఫ్ డ్రైవరును నియమించడమైనది. రెండోది, 'సాఫ్-టీజీఎల్.ఆర్ఐ' అనే ఫర్మ్‌వేరు ఎక్కలేదు, ఎర్రర్ మైనస్ 2. మైనస్ 2 అంటే, ఆ పేరుతో ఫైలే లేదు నాయనా అని.

సంగతేమిటంటే, ఈ తరం ల్యాప్‌టాపుల్లో శబ్దానికి ప్రత్యేకంగా ఒక బుల్లి ప్రాసెసరు ఉంటుంది. ఆపితే దానికి ఏదీ జ్ఞాపకం ఉండదు. ఆన్ చేసినప్పుడల్లా డ్రైవరు డిస్కులోంచి ఫర్మ్‌వేరు తీసి దాని చేతిలో పెట్టాలి. నా దగ్గర సారథి ఉన్నాడు, వీరుడు ఉన్నాడు, గాండీవం లేదు.

ఇక్కడ ఉత్తరుడు రథం దూకి పారిపోయే ఘట్టం. 'డీఎస్‌పీ డ్రైవర్ ఈజ్ ఈక్వల్ టు 1' అని ఒక్క ముక్క రాసుకుంటే పాత హెచ్‌డీఏ డ్రైవరు వస్తుంది. స్పీకర్లు పలుకుతాయి, లోపలి మైకులు మాత్రం చచ్చిపోతాయి. సగం రాజ్యానికి సంధి అన్నమాట. ఫైలు తెరిచాను, సగం టైపు చేశాను కూడా. సిగ్గేసి వెనక్కి వచ్చాను.

మరి ఆయుధాలెక్కడున్నాయి? జమ్మిచెట్టు మీద. అంటే రిపాజిటరీలో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'మినిమల్' గడిలో టిక్కు పెట్టి, అక్కర్లేనిదేదీ నా ఇంట్లో ఉండదని విర్రవీగిన మహానుభావుణ్ణి నేనే. ఆ మూటకు డెబియన్ వారు ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్ అని పేరు పెట్టారు. ఫెడోరా వారు ఆల్సా-సాఫ్-ఫర్మ్‌వేర్ అంటారు. ఆర్చ్ వారు సాఫ్-ఫర్మ్‌వేర్ అని తేల్చేశారు. చెట్టెక్కాను, మూట దింపాను, కట్లు విప్పాను. కుకవుల్ని తలుచుకుని రీబూట్ కొట్టాను.

డమ్మీ మహారాజు లేడు! గద్దె మీద స్పీకరు!

అయినా మౌనమే. ఆల్సా మిక్సరు ఈసారి తలుపు తీసింది. నిలువు స్తంభాలు బారులు తీరి ఉన్నాయి. మాస్టరు స్తంభం అడుగున, చిన్న గడిలో, పక్కపక్కనే రెండు ఎం అక్షరాలు. నోరు నొక్కి ఉంచారని గుర్తు. ఎం మీట ఒక్కసారి నొక్కితే అవి సున్నాలయ్యాయి. పంతం కొద్దీ స్తంభాన్ని కొస దాకా లేపి, 'స్పీకర్ టెస్ట్ మైనస్ టీ వావ్' వదిలాను.

"ఫ్రంట్ లెఫ్ట్!"

బామ్మ ఉలిక్కిపడి ఎడమవైపు చూసింది. అటు బట్టలారేసే స్టాండు తప్ప ఏమీ లేదు.

"ఎవర్రా అది?"

"అర్జునుడి శంఖం బామ్మా. విను."

ప్రవచనం నొక్కాను. ముందు ప్రకటన తగులుకుంది. కొస దాకా లేపిన వాల్యూముతో ఒక గొంతు కిటికీ అద్దాలు అదిరేలా మొదలుపెట్టింది: శంకర్‌పల్లి, షాద్‌నగర్, సదాశివపేట, చౌటుప్పల్, యాదగిరిగుట్ట...

బామ్మ నొచ్చుకుంది.

"అయ్యో, అప్పుడే అయిదూళ్ళు అడిగే దాకా వచ్చేశారా? అయితే గోగ్రహణం అయిపోయిందన్నమాట."