రాయాల్సింది రాయలేదు

నా మొదటి కవరింగ్ లెటర్‌లో నా చేత్తో చేసిన పని గురించి ఒక్క ముక్క లేదు. మరిచిపోయి కాదు, కావాలనే దాచాను. ఆ తెలివితక్కువతనం తలుచుకుంటే ఇన్నేళ్లయినా మనసు కలుక్కుమంటుంది.

తిరుపతిలో, ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అప్పుడే అయింది. శ్రీసిటీలో ఒక ఆహార పదార్థాల ఫ్యాక్టరీకి క్వాలిటీ ల్యాబ్‌లో మనుషులు కావాలని తెలిసింది. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ఆ శ్రీసిటీ మొదలైనప్పటి నుంచి మా పక్క చదువుకున్న పిల్లలున్న ఇళ్లన్నిటి చూపూ అటే. మా సీనియర్ రాసుకున్న ఉత్తరం ఒకటి జెరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఉండేది. పేరు, కంపెనీ పేరు మార్చి అందరం అదే ప్రింటు తీసుకునేవాళ్లం. ప్రతిష్ఠాత్మకమైన మీ సంస్థలో ఎదగాలని ఉంది, కష్టపడే తత్వం నాది, ఏ బాధ్యత ఇచ్చినా నెరవేరుస్తాను... ఇంగ్లీషు గంభీరంగా ఉంటే చాలనుకున్నాను.

దాచిన సంగతి ఇది. వేసవి సెలవుల్లో నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబ్ హెల్పర్‌గా, రోజు కూలికి పనిచేసేవాణ్ణి. మా నాయన తోతాపురి కాయల ట్రాక్టరుతో గేటు బయట రాత్రంతా వరసలో ఉండేవాడు. నేను లోపల ఆ గుజ్జుకే బ్రిక్స్, అంటే తీపి కొలత, చూసేవాణ్ణి. రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద ఒక చుక్క వేసి, మూత వేసి, వెలుగుకేసి పట్టుకుంటే లోపల నీలం, తెలుపు కలిసే గీత కనిపిస్తుంది. తోతాపురికి కొనేవాళ్లు సాధారణంగా 14 అడుగుతారు. గుజ్జు వేడిగా ఉంటే రీడింగ్ తక్కువ చూపిస్తుంది, చల్లార్చే చూడాలి. పులుపు కొలిచేటప్పుడు ఇంకో చిక్కు. గుజ్జు పసుపులో ఫినాఫ్తలీన్ గులాబీ రంగు సరిగ్గా కనబడదు, నీళ్లు పోసి బాగా పలచన చేసుకోవాలి. యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

ఇదంతా రాస్తే కూలివాడి కింద జమకడతారని భయపడ్డాను. ఆ కంపెనీ నుంచి జవాబు రాలేదు. చాలాకాలం తర్వాత వేరే ఫ్యాక్టరీలో, కాంట్రాక్టర్ కింద, శాంపిళ్లు మోసే పనికి చేరాను. ఒక మధ్యాహ్నం నేను శాంపిల్ చల్లార్చి రీడింగ్ తీస్తుంటే ల్యాబ్ ఇన్‌ఛార్జి వెనక నిలబడి చూశాడు.

“ఇది యాడ నేర్చుకుంటివి నాయనా?”

చెప్పాను.

“మరి అప్లికేషన్‌లో రాయకపోతివే?”

“సిగ్గేసింది సార్.”

ఆయన తిట్టలేదు. “ఆ ఒక్క ముక్క కోసమే కదా మేము ఉత్తరం చదివేది” అన్నాడు. ఆ సాయంత్రం మా నాయనకు ఫోన్ చేద్దామనుకుని చేయలేకపోయాను. ఆయన తోట, ఆయన పరిచయంతో దొరికిన పని, రెండూ చెప్పుకోదగ్గవిగా నాకు కనిపించలేదు కదా.

శ్రీనివాస రామానుజన్ 1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్ట్ ట్రస్టుకు పెట్టుకున్న దరఖాస్తు గురించి ఆ తర్వాతే చదివాను. నాలుగైదు వాక్యాలు, అంతే. మెట్రిక్యులేషన్ పాసయ్యాను, ఎఫ్.ఏ. (అప్పటి ఇంటర్) దాకా చదివాను, పరిస్థితులు కలిసిరాక ముందుకు సాగలేదు, నా సమయమంతా గణితానికే పెడుతున్నాను, ఈ పనికి న్యాయం చేయగలను అని రాశాడు. చదువు ఆగిపోయిందని తనే చెప్పాడు, ఆగాక ఏం చేస్తున్నాడో కూడా చెప్పాడు. ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ సిఫార్సు జత చేశాడు. మార్చి 1న గుమస్తాగా చేరాడు, జీతం ముప్పై రూపాయలు. మరుసటి జనవరిలో కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి రాసినప్పుడు కూడా, ఏడాదికి ఇరవై పౌండ్ల జీతం మీద పనిచేసే గుమస్తానని మొదటి వాక్యంలోనే చెప్పుకున్నాడు. సిద్ధాంతాల కాగితాలు ఆ తర్వాత. అంతటివాడికి లేని జంకు నాకెందుకు వచ్చిందో!

ఇప్పుడు మా ఊరి పిల్లలు దరఖాస్తులు పట్టుకొస్తే కాగితం పక్కన పెట్టి, ఇప్పటిదాకా ఏం పని చేశారో చెప్పమంటాను. మొన్న ఒకమ్మాయి వచ్చింది, డెయిరీ ల్యాబ్ ఉద్యోగానికి. ఉత్తరంలో అవే మాటలు, కష్టపడే తత్వం, ఏ బాధ్యతైనా. కదిపితే తెలిసింది, కాలేజీకి పోయే ముందు రోజూ ఊళ్లో పాల కేంద్రంలో లాక్టోమీటర్ చూసేది, వెన్న శాతం తీసేది, పుస్తకంలో రాసేది తనేనట.

“ఇది కూడా రాయొచ్చా అన్నా? నెలకు వాళ్లిచ్చేది కొంచెమే.”

ఎంతిస్తారో వాళ్లడగరమ్మా, పని వచ్చా అని అడుగుతారు అన్నాను. ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. ఏ ఉద్యోగానికో మొదటి వాక్యం. రెండో వాక్యం పాల కేంద్రం, అక్కడ ఏ పరీక్షలు చేస్తుందో, ఎప్పటి నుంచి చేస్తోందో. పాలలో నీళ్లు కలిసినట్టు అనుమానమొస్తే ఏం చేస్తుందో మూడోది, ఆ వాక్యం మొత్తం ఆమే చెప్పింది. డిగ్రీ మార్కులు రెండో పేరాలోకి జరిపాం, ఎప్పుడు చేరగలదో, ఫోన్ నంబరు చివర పెట్టాం. ప్రతిష్ఠాత్మక సంస్థ అన్న మాట తనే కొట్టేసి, ఆ డెయిరీ పేరు రాసింది.