క్లిప్పు తీగ కథ

ఈ కథ పళ్లకు వేసే క్లిప్పుల్లోని తీగది. నికెల్, టైటానియం కలిసిన దీని మిశ్రలోహం అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ పరిశోధనల్లో బయటపడింది. 1970ల మొదట్లో జార్జ్ ఆండ్రీసన్ దాన్ని పళ్లు సరిచేసే పనికి తెచ్చాడు. వంచి వదిలితే మళ్లీ తన ఆకారానికి రావడం ఈ తీగ గుణం. చికిత్స తొలి నెలల్లో వాడే తీగ మందం చాలాసార్లు 0.014 అంగుళమే ఉంటుంది.

ఈ తీగకు పని దొరికే ఊళ్లలో బెంగళూరు ఒకటి. 1958లో మొదలైన ప్రభుత్వ దంత వైద్య కళాశాల అక్కడ విక్టోరియా ఆసుపత్రి పక్కనే ఉంది. పళ్లు సరిచేసేది ఆర్థోడాంటిస్టు. బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ చదివిన వైద్యుడు.

తీగ నెట్టిన వైపు పంటి వేరు చుట్టూ ఎముక కరుగుతుంది, ఖాళీ అయిన వైపు కొత్త ఎముక పడుతుంది. పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు కదులుతుంది. పదిహేనేళ్లకైనా యాభై ఏళ్లకైనా ఇదే తీరు. పెద్దవాళ్లలో తేడా రెండు చోట్ల ఉంది. దవడ పెరుగుదల ఆగిపోయి ఉంటుంది. చిగుళ్ల జబ్బు వల్ల ఎముక తగ్గి ఉండవచ్చు. అందుకే ముందు ఎక్స్‌రే తీసి, గార తీయించి, చిగుళ్ల వాపు తగ్గాకే తీగ వేయాలి. షుగరు అదుపులో లేకపోయినా, పొగ తాగినా చిగుళ్లు త్వరగా దెబ్బతింటాయి. ఊడిన పంటి బదులు పెట్టించుకున్న ఇంప్లాంటు ఎముకకు అతుక్కుపోతుంది కాబట్టి తీగకు కదలదు.

తీగ వేసే రోజు పంటిపై ఆమ్లపు జెల్ రాసి, కడిగి, గాలితో ఆరబెడతారు. ఎనామెల్ సుద్దలా తెల్లబడుతుంది. దానిపై తీగను పట్టుకునే బ్రాకెట్ అంటించి నీలి కాంతి పడేలా చేస్తారు. బ్రాకెట్ గాడిలో తీగ కూర్చి చిన్న రబ్బరు రింగుతో బిగిస్తారు. వెనక మిగిలిన కొన కత్తిరించకపోతే బుగ్గలో గుచ్చుకుంటుంది. కోలారు, పావగడ, అనంతపురం వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారి ఎనామెల్ ఆమ్లానికి తేలిగ్గా లొంగదు. అలాంటి పళ్లకు జెల్ ఎక్కువసేపు ఉంచాల్సి రావచ్చు.

లోహపు బ్రాకెట్లు చవక, గట్టివి. క్లిష్టమైన వంకరలకూ పనికొస్తాయి. సిరామిక్‌వి పంటి రంగులో కలిసిపోతాయి గానీ పెళుసు. కింది వరుసకు వేస్తే పై పళ్లు తగిలి అరిగే ప్రమాదం ఉంది. నాలుక వైపు అంటించేవి బయటికి కనిపించవు. మొదటి వారాల్లో మాట తడబడుతుంది, నాలుక ఒరుసుకుంటుంది, ఖర్చూ ఎక్కువే. నికెల్ పడనివారికి టైటానియం ప్రధానంగా ఉండే వేరే తీగ వాడతారు.

తీగే లేని మార్గం అలైనర్లు. 1997లో స్థాపించిన అలైన్ టెక్నాలజీ ఈ పారదర్శక తొడుగులను విస్తృతంగా తెచ్చింది. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, ఒకటి రెండు వారాలకొకసారి మార్చాలి. తినేటప్పుడు తీసేయవచ్చు కాబట్టి తోముకోవడం సులువు. తీసి పక్కన పెట్టేవారికి మాత్రం ఫలితం రాదు. గుండ్రని చిన్న దవడపళ్లను బాగా తిప్పాలంటే బ్రాకెట్లే నయం. దవడే ముందుకో వెనక్కో ఉంటే పళ్ల చికిత్సకు తోడు శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

చికిత్స సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. ఆ కాలంలో కోడుబళె, చిక్కీ వంటి గట్టివి కొరికితే బ్రాకెట్ ఊడుతుంది. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిస్తే తెల్ల మచ్చలు పడతాయి. నెలకో ఆరు వారాలకో మందమైన తీగ మారుస్తూ పోతారు. తీగ తీసేసినా పళ్లు పాత చోటికి జరగడానికి చూస్తూనే ఉంటాయి. అందుకే వెనక వైపు అంటించిన సన్నని తీగో, రాత్రి పెట్టుకునే రిటైనరో ఏళ్ల తరబడి ఉండాలి. పెద్దవాళ్లలో చాలామందికి అది జీవితాంతపు అలవాటు.