విశ్రాంతి రోజున పాత గోవా

గోవా వెళ్లినప్పుడు ఒక్క పూటైనా మంచం దిగకూడదని నా కోరిక. "ఇవాళ బీచ్‌లొద్దు, విశ్రాంతి" అని మా ఆవిడ అనగానే ముసుగుతన్నాను. తీరా చూస్తే కాసేపట్లో పణజికి పది కిలోమీటర్ల దూరాన, పాత గోవాలో, బామ్ జీసస్ బసిలికా ముందు ఎండలో ఉన్నాను. ఆవిడకు నడకే విశ్రాంతి.

1605 నాటి ఆ చర్చికి సున్నప్పూత లేదు. ఎర్రటి రాయి అలాగే కనబడుతోంది. "నాలుగొందల ఏళ్లయినా పూత పూయించలేదు, చూశావా? మన పెరటి గోడ గురించే అందరికీ బాధ" అన్నాను.

"పూత ఉండేదండీ. 1950 ప్రాంతంలో తీసేశారు. ఇప్పుడు వానలకి రాయి పాడైపోతోందని మొత్తుకుంటున్నారు" అంది. బయల్దేరే ముందే అంతా చదివేసి వస్తుంది. నేను టిఫిను సంగతి చూసుకుని వస్తాను.

లోపల, ఎత్తైన పాలరాతి కట్టడం మీద వెండి పేటిక. 1552లో చైనా తీరాన కన్నుమూసిన సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం అందులోనే ఉంది. పదేళ్లకోసారి కిందికి దించి జనానికి దర్శనం కల్పిస్తారు. అందరూ నిశ్శబ్దంగా తలెత్తి చూస్తున్న వేళ నా కడుపు గుర్రుమంది. ఆవిడ నాకేసి కాక పక్కాయనకేసి చురుగ్గా చూసింది. మొగుడి పరువు కాపాడటంలో ఎవరైనా మా ఆవిడ తర్వాతే.

రోడ్డు దాటితే సే కెథెడ్రల్. దాని జంట గోపురాల్లో ఒకటి 1776లో కూలిపోయింది. మళ్లీ కట్టలేదు. అయినా యునెస్కో జాబితాలో ఉంది. నా మనస్తత్వానికి సరిపడిన కట్టడం ఇన్నాళ్లకు దొరికింది.

భోజనానికి రెషాద్ మసాలా కూరిన కానాగంత చేప తెప్పించాను. ఎండుమిరపకాయల్ని వెనిగర్‌తో నూరి, చీల్చిన చేపలో దట్టించి వేయిస్తారు. "కారం సార్" అన్నాడు వడ్డించే కుర్రాడు. "మాది గుంటూరు నాయనా!" అన్నాను. ఆ పులుపు కారాన్ని వెంటేసుకుని ముక్కులోకెక్కింది. రెండో ముద్దకే కళ్లు కుళాయిలు.

"మిరపకాయని మన దేశానికి తెచ్చిందే పోర్చుగీసువాళ్లు. వాళ్లేలిన ఊళ్లోనా మీ గొప్పలు?" అంటూ నీళ్ల గ్లాసు ఇటు జరిపింది.

చివర్లో బెబింకా. కొబ్బరిపాలు, గుడ్డు సొన, నెయ్యి, పంచదార కలిపి, ఒక పొర కాలాక దానిమీద మరో పొర పోస్తూ చేస్తారు. గంటల తరబడి పని. చెరిసగం అనుకున్నాం, ఆవిడ చేతులు కడుక్కొచ్చేసరికి ఒక్క పొర మిగిలింది. మీరు వెళితే మాత్రం మొదటే రెండు చెప్పండి.