అడక్కుండానే సున్నం

మా రోజుల్లో మనిషిని తెల్లగా చేయాలంటే నడుం పడిపోయేది. బెంగళూరు చిక్‌పేట సందులో నా స్టుడియో. పెళ్లిచూపుల ఫొటో అనగానే అమ్మాయి తండ్రి కౌంటర్ మీదికి వంగి, "కాస్త కలర్ పెంచండి సార్" అని గొణిగేవాడు. నెగటివ్‌కు మందు పూసి, వెనక దీపం పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో బుగ్గల మీద చుక్కలు పెట్టేవాణ్ని. నెగటివ్ మీద ఎంత గీస్తే ప్రింటులో అంత తెలుపు. మొహానికో గంట! ఇప్పుడో, మా మనవడి ఫోన్ అడక్కుండానే సున్నం కొట్టేస్తోంది. మొన్న సెల్ఫీలో నన్ను నేనే పోల్చుకోలేదు.

అలాగని మా కాలమంతా బంగారమని బొంకను. తొంభైల్లో ఓ సూడాన్ కుర్రాడు పాస్‌పోర్ట్ ఫొటోకు వచ్చాడు. అందరికీ పెట్టే లైటే పెట్టి నొక్కాను. ప్రింటులో రెండు కళ్లు తప్ప మొహం లేదు. అతను దాన్ని కాసేపు చూసి, డబ్బులిచ్చి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. "వాడి రంగే అంత" అనుకున్నాను. ఇంకో లైటు పెట్టాలని తట్టలేదు.

సరంజామా కూడా అలాంటిదే. రంగులు సరిచూసుకోమని కొడాక్ ల్యాబులకు పంపిన షర్లీ కార్డు మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లమ్మాయే. చాక్లెట్లు, చెక్క సామాను సరిగ్గా పడటం లేదని కంపెనీలు గోల పెట్టాక గానీ ఫిల్ము బాగుపడలేదట!

ఫిల్ము బాగుపడటానికి ఎన్నో ఏళ్ల ముందే గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్ తాకట్టు కొట్టులో కెమెరా కొనుక్కుని పని మొదలుపెట్టాడు. 1942లో వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఆఫీసు ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను చీపురుతో అమెరికా జెండా ముందు నిలబెట్టి తీశాడు. ఆమె మొహంలో ప్రతి గీతా కనిపిస్తుంది. మన దగ్గర ఫొటోగ్రాఫర్ కేతకీ షేఠ్ ఆఫ్రికా మూలాలున్న సిద్దీలను నలుపు తెలుపుల్లో తీసి 2013లో పుస్తకం వేసింది. కర్ణాటకలో ఎల్లాపుర, హళియాళ అడవుల వైపూ సిద్దీలున్నారు. మన హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ బస్తీ పేరు కూడా నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందే. సిద్దీల పెళ్లి ఫొటో ఒక్కటైనా మన స్టుడియో అద్దాల్లో చూశారా?

ఫొటోగ్రాఫర్ తమ్ముళ్లూ, పెళ్లికూతురు నల్లగా ఉందని ఫిల్టరు వెతక్కండి. ఇంకో లైటు పెట్టండి. ఆ కుర్రాడికి నేను పెట్టనిది అదే.