బంక పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

నమలు నమలుమనుచు నాజూకుకొఱకయి
బంక దెచ్చి యిచ్చె బావమరిది
దవడ లరిగెఁగాని తరుగలే దీ బొజ్జ
చెఱకుతోట సాక్షి చిన్నవాడ

టీక: నాజూకుకొఱకయి = సన్నబడటం కోసం; నమలు నమలుము + అనుచు = నములు, నములు అంటూ; బావమరిది = భార్య తమ్ముడు (హైదరాబాదులో ఉద్యోగం, తెల్లారుజామున పరుగెత్తే అలవాటు ఉన్నవాడని గ్రహించాలి); బంక = చూయింగ్ గమ్మును; తెచ్చి యిచ్చెన్ = అడగకుండానే ఇచ్చాడు; దవడలు + అరిగెన్ + కాని = దవడలైతే అరిగాయి గాని; ఈ బొజ్జ = (తడిమి చూపిస్తూ) ఇదిగో ఈ పొట్ట; తరుగలేదు = తగ్గలేదు; చెఱకుతోట సాక్షి = దీనికి ఉయ్యూరు చెరకుతోటలే సాక్ష్యం; చిన్నవాడ = ఓ కుర్రాడా!

తాత్పర్యం: ఎంత నమిలినా లాభం లేకపోయింది.

విశేషాలు: ‘నమలుము’ అన్న ఏకవచనం చూసి బావమరిదిని తప్పు పట్టకూడదు. అతను ‘నమలండి బావగారూ’ అనే అన్నాడు. ఆటవెలదిలో మర్యాదకు చోటు చాలలేదు. ‘నమలు నమలు’ అన్నచోట రెండోది ఆమ్రేడితం. మొదటి నమలుకు తీపి ఉంది, రెండోదానికి లేదు. గమ్ము స్వభావమంతా ఈ ఆమ్రేడితంలోనే ఇమిడింది. ‘బంక’కూ ‘బావ’కూ యతి చక్కగా కుదిరింది.

బంక అన్న మాట కవి ఊరికే వాడలేదు. పెరట్లో సపోటా చెట్టున్న వాళ్లకు పచ్చికాయ కొరికితే పెదాలు ఎలా అతుక్కుంటాయో తెలుసు. మెక్సికో ప్రాంతంలో ఆ చెట్టు పాలనే కాచి ‘చికిల్’ అన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో న్యూయార్కులో థామస్ ఆడమ్స్ అనే ఆయన దానితో రబ్బరు చెయ్యబోయి, కుదరక, నమిలే సరుకు చేసి అమ్ముకున్నాడు. ఇప్పటి గమ్ముల్లో చాలావరకు ఆ పాలు కూడా లేవు, ఫ్యాక్టరీలో చేసిన జిగురే.

ఇక్కడ పూర్వపక్షం వారు లేచి ఒక ప్రమాణం చూపిస్తారు. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్ వారు ఏడుగురి చేత చక్కెర లేని గమ్మును నిమిషానికి వందసార్ల లెక్కన 12 నిమిషాలు నమిలించి కొలిచారు. గంటకు 11 కేలరీలు అదనంగా ఖర్చవుతాయని తేలింది. మెలకువగా ఉన్నంతసేపూ నమిలి, తిండిలో ఇంకేమీ మార్చకపోతే ఏడాదికి 5 కిలోలకు పైగా కొవ్వు తగ్గవచ్చని కూడా రాశారు. బావమరిది ఈ ప్రమాణం దగ్గరే ఆగిపోయాడు.

సిద్ధాంతం ఏమంటే: చెంచాడు చక్కెర 4 గ్రాములు, అంటే 16 కేలరీలు. గంటసేపు దవడలు ఆడిస్తే ఆ చెంచా ఖాళీ కాదు. చక్కెర ఉన్న గమ్మైతే ఒక్కో ముక్కలోనే 10 కేలరీల దాకా ఉంటాయి, అంటే మొదటి గంటంతా అప్పు తీర్చడానికే సరి. పైగా ఆ ఏడుగురిలో ఎవరూ సాయంత్రం ఉయ్యూరు సెంటర్లో పునుగుల బండి పక్కన నిలబడి నమల్లేదు.

గమ్ముతో నిజంగా బరువు తగ్గినవాళ్లూ ఉన్నారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో జర్మనీ వైద్యులు ఇద్దరి సంగతి రాశారు. ఒకామె 11 కిలోలు, ఒకాయన 22 కిలోలు తగ్గారు. కారణం దవడలు కావు. చక్కెరకు బదులు వేసే సార్బిటాల్ రోజూ మితిమీరి లోపలికి పోవడంతో పట్టుకున్న విరేచనాలు. మానేయగానే నెమ్మదించాయి. ‘తరుగలేదు’ అన్న కవి వాక్యాన్ని ఈ కోణంలో అదృష్టంగానే చదువుకోవాలి.

‘చెఱకుతోట సాక్షి’ అనడంలో కవి లోకజ్ఞానం తెలుస్తుంది. నమలడమే మందైతే ఉయ్యూరులో లావాటి మనిషి పుట్టకూడదు. చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండి వెనక పరుగెత్తి గడ లాగి, పళ్లతోనే తొక్క ఒలిచి, కణుపు తప్పించి కొరికి, రసం మింగి పిప్పి ఉమ్మిన ఊరిది. భీష్మ ఏకాదశికి మొదలై పదిహేను రోజులు సాగే వీరమ్మ తల్లి తిరునాళ్లలో జీళ్లు సాగదీసి నమిలిన దవడలివి. బంక వీటికి కొత్తేం కాదు. ఉమ్మేది పిప్పినే, లోపలికి పోయేది తీపే.

అయితే గమ్ము బొత్తిగా వ్యర్థమనడం కూడా సరికాదు. భోజనమయ్యాక కిళ్ళీ వేసుకున్నవాడు మళ్లీ విస్తరి ముందు కూర్చోడు. నోరు మూతపడిందన్న గుర్తు అది. గమ్ముతో అలాంటి మేలు కొంతమందికి ఉంటుంది. మా ఇంట్లో ఆ పొట్లం చివరికి వంటింటికి చేరింది. జంతికలు వేయించేటప్పుడు ఇల్లాలు ఒకటి బుగ్గన పెట్టుకుంటుంది, వాయికి రెండు చొప్పున రుచి చూడటం ఆగిందంటుంది. ఆ మిగిలిన జంతికలు ఎటు పోతున్నాయో ‘ఈ బొజ్జ’ అన్నచోట కవి చెప్పనే చెప్పాడు.

‘చిన్నవాడ’ ఎవరన్న దానిపై రెండు అభిప్రాయాలున్నాయి. మనవడని కొందరు. బస్టాండు ఎదుటి కిళ్ళీకొట్టు కుర్రాడని నా పక్షం. మొన్న బజ్జీలు తిని, అతని దగ్గర సోడా తాగి ఇరవై ఇస్తే, ‘చిల్లర లేదు బాబాయ్’ అంటూ రెండు గమ్ములు చేతిలో పెట్టాడు.