మీటర్ ఎవరు చూస్తున్నారు?

మా రోజుల్లో పొగ కంటికి కనబడేది. హైదరాబాద్‌లో మా రహమత్ నగర్ ఎత్తు ఎక్కే ఆటో తెల్లటి పొగ వదిలితే పెట్రోల్లో ఆయిల్ ఎక్కువ పోశాడని, లారీ నల్లగా కక్కితే నాజిల్స్ పోయాయని రోడ్డు పక్కన టీ తాగేవాడు కూడా చెప్పేవాడు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లే అమ్ముతున్నారు, డీజిల్లో గంధకం 10 పీపీఎంకి దించారు. మంచిదే, కాదనను. కానీ ఆ బండ్లన్నీ యూసుఫ్‌గూడ దాకా బారులు తీరితే మొత్తం ఎంత విషం వదులుతున్నాయో లెక్క తేల్చేదెలా?

పద్ధతి తేలికే. ఎన్ని బండ్లు, ఏడాదికి ఒక్కోటి ఎన్ని కిలోమీటర్లు, కిలోమీటరుకు ఎన్ని గ్రాములు: మూడూ గుణించాలి. గ్రాముల అంకె ల్యాబులో బండిని రోలర్ల మీద పరిగెత్తించి తీస్తారు. మా గల్లీ ఎత్తులో నిండా జనంతో ఫస్ట్ గేర్లో మూలిగే ఆటో అక్కడికి ఎప్పుడు పోయింది? బండ్ల సంఖ్య ఇంకా అన్యాయం. లైఫ్ ట్యాక్స్ ముందే కట్టేశాక, బండి తుక్కుకి ఇచ్చేటప్పుడు ఆర్సీ రద్దు చేయించేవాళ్లు ఎంతమంది? అందుకే ఢిల్లీ, విశాఖపట్నం, రాజ్‌కోట్‌లలో పరిశోధకులు పెట్రోల్ బంకుల దగ్గర నిలబడి బండి వయసు, మీటర్ రీడింగ్ అడిగి రాసుకున్నారు. పనంటే అదీ.

నేను షూటింగులకు జనరేటర్ వ్యాన్ నడిపినవాణ్ణి. నైట్ షూటింగ్‌కి సాయంత్రం బండి ఆపి, వెనక డీజిల్ ఇంజన్ స్టార్ట్ చేస్తే ప్యాకప్ చెప్పేదాకా ఆగేది కాదు. తెల్లారేసరికి డ్రమ్ము సగం ఖాళీ, కిలోమీటర్ల మీటర్ మాత్రం కదిలేది కాదు. కిలోమీటర్లతో లెక్కగట్టేవాడికి ఆ రాత్రి పొగే లేదు. పోనీ అమ్ముడైన డీజిల్‌తో లెక్కగడదామంటే, మా జనరేటర్ తాగింది కూడా రోడ్డు ఖాతాలో పడుతుంది. దేశంలో డీజిల్ 70 శాతమే రవాణాకు పోతోందని 2014లో నీల్సన్ సర్వే చెప్పింది. మిగతాది ట్రాక్టర్లు, జనరేటర్లు, ఫ్యాక్టరీల పాలు.

మాకు లాగ్‌బుక్ ఉండేది. బండి తీసినప్పుడు, పెట్టినప్పుడు మీటర్ ఎంత, ఎన్ని లీటర్లు పోశాం, జనరేటర్ ఎన్ని గంటలు నడిచింది, అన్నీ రాసి ప్రొడక్షన్ మేనేజర్ చేత సంతకం పెట్టించాలి. లెక్క తప్పితే బేటాలో కోత. ఇప్పుడు పొల్యూషన్ సర్టిఫికెట్‌కి పోతే నంబర్ ప్లేట్ ఫోటో తీస్తారు, సైలెన్సర్లో గొట్టం పెడతారు, కాగితం చేతికిస్తారు. పెట్రోల్ బండికి చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళి ఆ పరీక్షలోనే లేదు. నా బండి ఎంత తిరిగిందని నన్నెవరూ అడగలేదు.

రవాణా శాఖ పెద్దలకు నా విన్నపం ఒకటే. సర్టిఫికెట్ ఇచ్చే ప్రతిచోటా మీటర్ రీడింగ్ చూసి రాయించండి. జనరేటర్ వ్యాన్లయితే ఇంజన్ నడిచిన గంటలు కూడా రాయించండి.